తెర లేస్తే గుంయ్: మైక్‌సెట్టు వైర్ల పెట్టె మరమ్మతు డైరీ

ఫిబ్రవరి 27, గురువారం

కళ్లు మండుతున్నాయి. నిన్న శివరాత్రి జాగారం. గుడి ముందు కళావేదిక మీద పద్యనాటకం, మైక్‌సెట్టు మాది. మాది అంటే బాబాయ్‌ది. తెనాలి చుట్టుపక్కల పెళ్లయినా తిరునాళ్లయినా నాటకమైనా ముప్పై ఏళ్లుగా ఆయన సెట్టే. మోకాళ్ల నొప్పులొచ్చాక ఆయన కుర్చీలోకి, నేను మిక్సర్ దగ్గరికి మారాం. పగలు నాది వేరే ఉద్యోగం.

రాత్రి జరిగింది రాసి పెట్టుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు. తెర దించి ఉన్నంతసేపూ సెట్టు నిశ్శబ్దంగా ఉంది. తెర లేవగానే గుంయ్. తెర పడగానే పోయింది. మళ్లీ లేచింది, మళ్లీ గుంయ్. రెండో అంకానికల్లా జనం కనిపెట్టేశారు. తెర తాడు పట్టుకునే కుర్రాడు లేచి నిలబడితే చాలు, ముందు వరసలో పిల్లలు నోటితోనే గుంయ్ మొదలుపెట్టారు. పద్యానికి రావలసిన వన్స్ మోర్ ఒకటి మా హమ్‌కి వచ్చింది.

ఇంకో రెండు గొడవలు కూడా ఉన్నాయి. వేదిక అంచున రెండు మైకులు పెట్టాం. వాటికి సరిగ్గా మధ్యన నిలబడి పాడితే నటుడి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు పీలగా వినిపించింది. ఒక అడుగు పక్కకి జరిగితే మామూలే. తబలా మైకు పది నిమిషాలకోసారి టప్‌మని పేలింది.

బాబాయ్ కుర్చీలోంచే సలహా ఇచ్చాడు. ‘మిక్సర్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకెయ్యరా, హమ్ము పోద్ది. నేనెన్నిసార్లు చెయ్యలేదూ!’ పోతుంది, నిజమే. హమ్ తరచుగా రెండు ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు వల్ల వస్తుంది కాబట్టి ఒక దారి తెంపితే ఆగుతుంది. కానీ ఆ తెంపిన దారి ప్రాణం కాపాడే దారి. రేపు మిక్సర్‌లోనో ఆంప్‌లోనో (యాంప్లిఫయర్) ఫేజు వైరు ఊడి బాడీకి తగిలితే, ఆ 230 వోల్టులు మైక్ వైరు షీల్డు (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) పట్టుకుని పాడేవాడి పెదాల దాకా వస్తాయి. పీకనన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

శ్రీరామనవమి ఏప్రిల్ 6. అదే వేదిక, అదే నాటకం వాళ్లు. ఐదున్నర వారాలు ఉంది.

మార్చి 2, ఆదివారం

ట్రంకు పెట్టె వాకిట్లో బోర్లించాను. మైక్ వైర్లు 46. జాక్ వైర్లు 14. స్పీకర్ వైర్లు లెక్కపెట్టడానికి భయమేసి పక్కన పెట్టాను. ఒక చచ్చిన తేలు.

మూడు సూదుల గుండ్రటి ఎక్స్‌ఎల్‌ఆర్‌ని బాబాయ్ ఇప్పటికీ క్యానన్ పిన్ను అనే అంటాడు. అది ఊతపదం కాదు, పుట్టింటి పేరు. లాస్ ఏంజిలిస్‌లో జేమ్స్ క్యానన్ పెట్టిన క్యానన్ ఎలక్ట్రిక్ వాళ్లు ఎక్స్ అనే సిరీస్‌కి తాళం లాంటి కొక్కెం, తర్వాత లోపల రబ్బరు చేర్చుకుంటూ పోతే అది ఎక్స్‌ఎల్‌ఆర్ అయ్యింది. షాపుల్లో పీ-38 అని అడిగే లావు జాక్ దానికంటే పాతది. 6.35 మిల్లీమీటర్ల ఆ పొడుగు పిన్ను టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో ఆపరేటర్లు ఒక లైను ఊడబీకి ఇంకో లైనులో గుచ్చడానికి పుట్టింది. గిటారు, కీబోర్డు తర్వాత వచ్చిన అద్దె కాపురాలు.

పెట్టెలో ఇంకో జాతి కూడా ఉంది. దాని సంగతి స్పీకర్ల రోజున రాస్తాను, ఇప్పుడు తలచుకుంటే బీపీ పెరుగుతుంది.

ఒక్కో వైరునీ మీటరుతో పట్టుకుంటే మూడు సూదులు, రెండు కొసలు, 46 వైర్లు. ముందు టెస్టర్ చేసుకోవాలి.

మార్చి 5, బుధవారం రాత్రి

టెస్టర్ అయ్యింది. పాత స్వీటు డబ్బా, 9 వోల్టుల బ్యాటరీ, తిప్పుడు స్విచ్చి, ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టరు. డబ్బాకి ఒక పక్క ఫీమేల్ (రంధ్రాలున్న కనెక్టర్), ఇంకో పక్క మేల్ (సూదులున్నది). స్విచ్చి ఒకటి మీద ఉంటే బ్యాటరీ కరెంటు వైరులోని ఒకటో సూది గుండా పోయి అవతల ఒకటో దీపం వెలిగించాలి. రెండు మీద రెండో దీపం, మూడు మీద మూడో దీపం. వేరే దీపం వెలిగితే వైర్లు తారుమారు, రెండు వెలిగితే షార్టు, ఏదీ వెలగకపోతే తెగింది.

పడుకోబోయే ముందు ఏదో తోచి నాలుగో దీపం కూడా పెట్టాను, కనెక్టర్ బయటి లోహపు షెల్లుకి. అది ఎప్పుడూ వెలగకూడదు. ఎందుకు పెట్టానో అప్పుడు నాకూ సరిగ్గా తెలియదు. ఒక దీపం మిగిలింది, పెట్టాను, అంతే.

మార్చి 9, ఆదివారం

46 వైర్లూ టెస్టర్ మీదుగా నడిచాయి. పరీక్షించేటప్పుడు వైరుని రెండు కొసల దగ్గరా అటూ ఇటూ వంచుతూ చూడాలి. కదలకుండా పడుకున్న వైరు ఏ లోపాన్నీ చూపించదు.

బాగున్నవి 19. షీల్డు తెగినవి 11. లోపలి వైరు తెగినవి 2. రెండు, మూడు సూదులు తారుమారైనవి 6. ఇవి కాక, అన్నీ సరిగ్గా ఉండి నాలుగో దీపం కూడా వెలిగించినవి 8.

ముందు 11 సంగతి. షీల్డు తెగినా, బయటి కరెంటు అక్కర్లేని మామూలు డైనమిక్ మైకు పాడుతూనే ఉంటుంది, దాని మాట రెండు, మూడు సూదుల మీదే నడుస్తుంది కాబట్టి. కాస్త చప్పుడు ఎక్కువవుతుంది, ఎవరూ పట్టించుకోరు. కండెన్సర్ మైకు మాత్రం అలా బతకదు. దానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవరు మిక్సర్‌లోని రెండు 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ల గుండా రెండు, మూడు సూదుల మీద సమానంగా వెళ్లి షీల్డు మీదుగా తిరిగొస్తుంది. తిరుగు దారి తెగితే మైకు చచ్చిపోతుంది, తగిలీ తగలకుండా ఉంటే టప్‌మని పేలుతుంది. తబలా మీద పెట్టింది కండెన్సరే. ఒక దొంగ దొరికాడు.

కనెక్టర్లు విప్పితే 11లో 9 ఒకే చోట తెగాయి, కనెక్టర్ మెడ దగ్గర అంగుళం లోపల. వైరుని పట్టి ఉంచాల్సిన క్లాంపు వదులై, లాగుడు బరువంతా సోల్డర్ మీద పడింది. దానికి తోడు ఏళ్ల తరబడి మోచేతికీ బొటనవేలికీ మధ్య బిగించి చుట్టడం.

తర్వాత 6 తారుమార్లు. బాబాయ్‌ని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: ‘అవి కావాలనే చేశా. అప్పటి ఓ మిక్సర్‌కి మూడోది హాటు.’ ఆయన అబద్ధం చెప్పలేదు. ఒకప్పుడు కొన్ని కంపెనీల పరికరాల్లో మూడో సూది హాట్ (సిగ్నల్‌ని తిరగబడకుండా మోసే సూది), కొన్నింట్లో రెండోది. 1992లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ ఏఈఎస్14 అనే ప్రమాణంలో రెండోదే హాట్ అని తేల్చింది. ఆ మిక్సర్ పాత ఇనప సామాను బండెక్కి పదేళ్లయ్యింది కానీ దానికోసం తిప్పిన వైర్లు పెట్టెలో మిగతావాటితో కలిసిపోయాయి. అలాంటి వైరు ఒక్క మైకుకి ఉంటే చెవికి తేడా తెలియదు. పక్కపక్కన రెండు మైకులుండి ఒకదానికి మాత్రమే ఉంటే, రెండింటికీ సమ దూరంలో నిలబడ్డవాడి గొంతుని ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. మిక్సర్‌లో కలిసేసరికి పీలగా తేలుతుంది. మధ్యన నిలబడ్డ నటుడి డబ్బా గొంతు అదీ. రెండో దొంగ.

మిగిలింది 8. ఇవి కనెక్టర్ లోపల షెల్లుకి ఉండే చిన్న లోహపు ట్యాగుని ఒకటో సూదికి కలిపి సోల్డర్ చేసినవి. ఎవరో శ్రద్ధగా, అందంగా చేశారు. బాబాయ్ కాదు, ఆయన సోల్డర్ అంత నున్నగా ఉండదు. వీటివల్ల నష్టమేంటో రాత్రంతా ఆలోచించాను. వైరు బాగానే ఉంది, మాట బాగానే పోతుంది. షెల్లు షీల్డుకి కలిసి ఉంటే ఏం? షెల్లుని ముట్టుకునేదెవరు?

మార్చి 10, సోమవారం

ముట్టుకునేది స్తంభం!

ఆఫీసులో భోజనాల వేళ వెలిగింది. సాయంత్రం బండి నేరుగా గుడి దగ్గర ఆపాను. కళావేదికకి తెర కట్టే చట్రమంతా ఇనప పైపు. తెర కప్పీ మీదుగా పైకి లేపాక కుర్రాడు తాడుని కుడి వింగు స్తంభానికి బిగించి కడతాడు. మా మైక్ వైరు ఒక ముక్క మిక్సర్ దాకా చాలదు కాబట్టి రెండు ముక్కలు కలిపాం. ఆ జాయింటు నేలమీద ఎవరి కాళ్లకీ తగలకూడదని అదే స్తంభానికున్న కొక్కేనికి వేలాడదీశాను. నేనే, ఇంకెవరూ కాదు. తెర దించి ఉంటే తాడు వదులు, జాయింటు గాల్లో ఊగుతుంది. తెర లేస్తే తాడు బిగుసుకుని జాయింటుని స్తంభానికి అదుముతుంది. తాడు ఒరిపిడికి అక్కడ రంగు పోయి ఇనుము మెరుస్తోంది.

ఆ చట్రానికే గుడి వాళ్ల ఫ్లడ్‌లైట్లు బోల్టులతో బిగించి ఉన్నాయి. వాటి ఎర్త్ గుడి మీటరు నుంచి. మా మిక్సర్‌కి కరెంటు ఎదురింటి వాళ్ల మీటరు నుంచి. రెండు మీటర్లు, రెండు ఎర్త్ గుంతలు. పూజారిగారి అనుమతితో లైట్లు వేయించి, ఎదురింటి నుంచి ఎర్త్ వైరు లాక్కొచ్చి స్తంభానికీ దానికీ మధ్య మీటరు పెట్టాను. 2.6 వోల్టులు, ఏసీ.

అంటే తెర లేచినప్పుడల్లా ఆ 2.6 వోల్టులు స్తంభం నుంచి షెల్లుకి, షెల్లు నుంచి ఒకటో సూదికి, షీల్డు వెంబడి మిక్సర్‌లోకి కరెంటుని తోశాయి. మిక్సర్ మంచిదైతే ఆ కరెంటు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే లోహపు బాడీలోకి దిగిపోవాలి. మాది పాతది. విప్పి చూస్తే ఒకటో సూది బాడీకి కాకుండా సర్క్యూట్ బోర్డు మీది సన్నటి గీతకి కలిసింది. షీల్డు మీద వచ్చిన చెత్తంతా అసలు సిగ్నల్ నడిచే ఇంట్లోకి వచ్చి పడుతుంది. దీన్ని పిన్ 1 సమస్య అంటారు. నీల్ మన్సీ అనే ఇంజినీరు 1995లో రాసిన పేపరుతో ఆ పేరు స్థిరపడింది, 2005లో ఏఈఎస్48 ప్రమాణం దీని గురించే వచ్చింది. నాకు తెలిసింది మాత్రం తెర తాడు వల్ల.

ఇంటికొచ్చి బాబాయ్‌కి స్తంభం, తాడు, షెల్లు కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ కొక్కేనికి నువ్వే తగిలించావుగా’ అన్నాడు.

మార్చి 15, శనివారం

ఆఫీసు పనిమీద హైదరాబాద్. పని మధ్యాహ్నానికి తెమిలింది, మిగతా పగలంతా కోఠి గుజరాతీ గల్లీలో.

ఆలోచన ఏంటంటే, చిన్న ముక్కలు కలిపే అవసరమే లేకుండా వేదిక మీద మైకులన్నీ గుచ్చే పెట్టె (స్టేజ్ బాక్సు), అక్కడి నుంచి మిక్సర్ దాకా చాలా జతల తీగలున్న ఒకే లావుపాటి వైరు (మల్టీకోర్). 12 మైకులు లోపలికి, 4 లైన్లు ఆంప్‌ల వైపు తిరిగి. 16 జతల మల్టీకోర్ 30 మీటర్లు కొలిపించాను. నెట్‌వర్క్ వైరు మీద నడిచే డిజిటల్ స్టేజ్ బాక్సు చూపించి షాపాయన చాలా ఊరించాడు. ఒక్క సన్న వైరుతో పనైపోతుంది, బరువు లేదు, నిజమే. కానీ దానికి తగ్గ డిజిటల్ మిక్సర్ కూడా కొనాలి. పైగా ట్రాక్టర్లు తిరిగే చోట ఆ ఒక్క వైరు తెగితే పదహారు చానెళ్లూ ఒకేసారి పోతాయి, పొలాల మధ్య అర్ధరాత్రి నేను బాగుచెయ్యలేను. రాగి తీగ తెగితే అతకగలను.

కనెక్టర్లలో పిసినారితనం చెయ్యకూడదనుకున్నాను, పూర్తిగా మానలేకపోయాను. లిక్టెన్‌స్టైన్ దేశపు న్యూట్రిక్ ఒకటి కొనే డబ్బుతో ఊరూ పేరూ లేనివి నాలుగైదు వస్తాయి. రెండూ చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. చవకది విప్పితే వైరు పట్టుకునే భాగం రెండు చిన్న స్క్రూలు, రేకు పట్టీ. ఖరీదుది ప్లాస్టిక్ దవడ, వెనక మూత తిప్పినకొద్దీ వైరు చుట్టూ బిగుసుకుంటుంది. ఇంకో తేడా సోల్డరింగ్‌లో బయటపడుతుంది. చవకదానికి వేడి తగలగానే సూదుల్ని పట్టుకున్న ప్లాస్టిక్ మెత్తబడి సూది పక్కకి ఒరుగుతుంది, తర్వాత అది ఏ మైకులోకీ దూరదు. పెట్టెకి బిగించే 16, మైక్ వైర్లకి మార్చాల్సినవి మంచివి తీసుకున్నాను. మిక్సర్ వైపు కొసలు రోజూ పీకి గుచ్చేవి కావు కాబట్టి మధ్యరకం. ఈ లెక్క తప్పో ఒప్పో రెండేళ్లకి తెలుస్తుంది.

రైల్లో మల్టీకోర్ చుట్ట పక్క సీటులో కూర్చుంది. టీసీ దానికి టికెట్ అడగలేదు.

మార్చి 17 నుంచి 22 దాకా, రాత్రుళ్లు

16 చానెళ్లు, ఒక్కోదానికి మూడు తీగలు, రెండు కొసలు. 96 అతుకులు. రోజుకి పదహారు చొప్పున ఆరు రాత్రులు. మా ఆవిడ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కింద బల్ల వేసుకోనిచ్చింది, పొగ పిల్లల గదిలోకి రాకూడదన్న షరతు మీద.

మొదట నా పాత 25 వాట్ల ఐరన్‌తోనే కానిచ్చాను. పెద్ద కనెక్టర్ సూదులు వేడిని మింగేస్తాయి. చిన్న ఐరన్‌ని ఎక్కువసేపు ఆనించాల్సి వస్తుంది, ఈలోపు వేడి తీగ పైకి పాకి తొడుగు కరిగిస్తుంది. రెండో రోజు మిత్రుడి దగ్గర వేడి సర్దుకునే స్టేషన్ తెచ్చుకుని 340 డిగ్రీల మీద పెట్టాను. 63/37 సీసం (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన సోల్డర్) 183 డిగ్రీలకే కరుగుతుంది, మరి ఇంత ఎందుకంటే, వేడిగా వెళ్లి రెండు సెకన్లలో బయటికి వచ్చేయడానికి. ముందు సూది గుంతలో కాస్త సీసం నింపాలి, తీగ కొసకి కాస్త పట్టించాలి, తర్వాత రెండూ కలిపి ఒక్కసారి వేడి చేస్తే ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. ఆరేటప్పుడు చెయ్యి వణికితే అతుకు బూడిద రంగులో గరుకుగా తేలుతుంది. అది ఇవాళ పనిచేసి నాటకం రోజున ఊడుతుంది. పీకి మళ్లీ చెయ్యడమే.

మల్టీకోర్‌లో ప్రతి జతకీ వేరే అల్యూమినియం రేకు చుట్టు, దాన్ని ఆనుకుని తొడుగు లేని ఒక తీగ. షీల్డు పని ఈ బోడి తీగదే. పెట్టెలో పదహారు బోడి తీగలు ఒకదాన్నొకటి తగిలితే, పెట్టె రేకుని తగిలితే, నేను స్తంభం దగ్గర పట్టుకున్న దొంగనే మళ్లీ ఇంట్లోకి పిలిచినట్టు. అందుకని ప్రతిదానికీ సన్నటి స్లీవు తొడిగాను, రేకు తెగిన చోట హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం). షెల్లు ట్యాగులు ఖాళీగా వదిలేశాను. వైర్లలో షెల్లుని ఒకటో సూదికి కలిపితే రేడియో చొరబాటు తగ్గుతుందనేవాళ్లు ఉన్నారు, వాళ్ల వేదికలకి ఇనప స్తంభాలు లేవేమో.

తప్పులూ రాయాలి. కనెక్టర్ వెనక మూతని ముందే వైరుకి ఎక్కించకుండా మూడు తీగలూ అతికేయడం: ఐదుసార్లు. ఆరోసారి నుంచి మూత ఎక్కించాకే ఐరన్ వెలిగించాలని నియమం పెట్టుకున్నాను. ఏడోసారి మూత ఎక్కించాను కానీ తిరగేసి. ఇంకోటి, మేల్, ఫీమేల్ వెనక నుంచి చూస్తే సూదుల వరస అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. పది దాటాక మత్తు కళ్లతో వరస నమ్ముకుంటే తొమ్మిదో చానెల్‌లో రెండు, మూడు మారిపోయాయి. సూది పక్కన ప్లాస్టిక్ మీద అచ్చువేసిన అంకె తప్ప ఇంకేదీ నమ్మకూడదు. బాబాయ్ ఆరు వైర్ల గురించి నేను నవ్విన నవ్వు వెనక్కి తీసుకున్నాను.

మార్చి 23, ఆదివారం

పెట్టె. గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో రేకు వంచి ఇచ్చారు. కనెక్టర్ల రంధ్రం 24 మిల్లీమీటర్లు, స్క్రూల మధ్య దూరం ఒక వైపు 19, ఇంకో వైపు 24. ఊళ్లో 22కి ఒక హోల్‌సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) ఉంది, 25కి ఒకటి ఉంది. 25తో కొడితే స్క్రూకి మిగిలే రేకు బొత్తిగా సన్నం. 22తో కొట్టించి, మిగిలింది అరగుండ్రటి ఆకురాయితో నేనే రుద్దాను. పదహారు రంధ్రాలు. అరచేతులు బొబ్బలు. ప్యానెల్ పైకి చూసేలా పెట్టాను, నిలబడి గుచ్చడానికి వీలుగా.

మార్చి 26, బుధవారం

స్పీకర్ల రోజు. పెట్టెలో ఇంకో జాతి ఉందన్నానుగా, అది ఇదీ: ఇంట్లో ఫ్యానుకీ దీపానికీ వాడే రెండు పిన్నుల ప్లగ్గు, దానికి తగ్గ సాకెట్టు. పాత మైక్‌సెట్ల వాళ్లు స్పీకర్ వైర్లకి అవే బిగించేవాళ్లు. ఏ ఊళ్లోనైనా, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి, అందుకని. నా చిన్నప్పుడు ఒక పెళ్లిలో సాయం చేద్దామని వచ్చిన పిల్లాడు స్పీకర్ ప్లగ్గుని తీసుకెళ్లి కరెంటు బోర్డులో గుచ్చాడు. తప్పు వాడిది కాదు, ఆ ప్లగ్గు పుట్టిందే అందుకు. 230 వోల్టులకి స్పీకర్ ఒక్కసారి ఎద్దులా రంకె వేసి, తర్వాత పొగ. పిల్లాడికి ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా ప్లగ్గులు మారలేదు.

ఇవాళ మారాయి. అన్నీ కత్తిరించి స్పీకర్ల కోసమే చేసిన స్పీకాన్ కనెక్టర్లు బిగించాను. తిప్పితే క్లిక్‌మని తాళం పడుతుంది, కాలికి తగిలినా ఊడదు, కరెంటు బోర్డులో ఏ దారిలోనూ దూరదు. స్పీకర్లకి పీ-38 జాక్ వాడేవాళ్లున్నారు. దాన్ని గుచ్చేటప్పుడూ పీకేటప్పుడూ కొస, మెడ క్షణంసేపు సాకెట్టులో కలుస్తాయి, అంటే ఆంప్‌కి షార్టు. అవీ పోయాయి.

వైరు లావు దగ్గర బాబాయ్‌తో వాదన. ఆయన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలన్నాడు. కాగితం తీశాను. 30 మీటర్ల దూరం అంటే పోనూ రానూ 60 మీటర్ల రాగి. 1.5 అయితే దాదాపు 0.7 ఓమ్‌లు, 2.5 అయితే 0.4. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు కలిపితే 4 ఓమ్‌లు. సన్న వైరుతో స్పీకర్‌కి అందే పవరు నాలుగో వంతుకి పైగా పడిపోతుంది, లావుదానితో ఐదో వంతు లోపే. ‘మరి నా హారన్లు కిలోమీటరు దూరం సన్న వైరు మీదే పాడినియ్యిగా?’ మంచి ప్రశ్న. అవి 100 వోల్టుల లైను మీద నడిచేవి. 30 వాట్ల హారన్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ లైనుకి దాదాపు 333 ఓమ్‌లలా కనిపిస్తుంది, దాని ముందు వైరులో పదో పరకో ఓమ్‌లు పోయినా లెక్కలోకి రావు. కరెంటు ఆఫీసు వాళ్లు ఊరి దాకా ఎక్కువ వోల్టేజి పంపేదీ ఇందుకే. ఆ మాటకి ఆయన మొహం వెలిగింది. 2.5 కొనడానికి ఒప్పుకున్నాడు.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని, పంచాంగం విని, వాకిట్లో మొత్తం సెట్టు పరిచాను. చానెల్ చానెల్‌కీ ఫాంటమ్ కొలిచాను: ఒకటికీ రెండుకీ మధ్య 47.6, ఒకటికీ మూడుకీ 47.6, రెండుకీ మూడుకీ మధ్య సున్నా. ఈ చివరి సున్నాయే ముఖ్యం. రెండు వైపులా వోల్టేజి ఒక్కటే కాబట్టి డైనమిక్ మైకుకి ఏ హానీ ఉండదు.

నాటకం వాళ్ల కీబోర్డు తెప్పించి పెడితే సన్నటి హమ్. దాని జాక్ అవుట్ బ్యాలెన్స్‌డ్ కాదు (మైకులా రెండు తీగల మీద కాక ఒకే తీగ మీద సిగ్నల్), అడాప్టర్ ఎర్త్ వేరు. మధ్యన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ని మైక్ లైనుకి తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ నొక్కాను, పోయింది. ఎర్త్ పిన్ను పీకడానికీ దీనికీ తేడా బాబాయ్‌కి చూపించాను. ఇక్కడ తెగింది ఆడియో వైరు షీల్డు మాత్రమే, కరెంటు ఎర్త్ ఎక్కడిదక్కడే ఉంది. తల ఊపాడు. ఒప్పుకున్నట్టా, అరగంటసేపు విన్నాను ఇక చాలన్నట్టా తెలియలేదు.

ఏప్రిల్ 3, గురువారం

వైర్లు చుట్టడం నేర్పే రోజు. సాయానికొచ్చే ఇద్దరు కుర్రాళ్లూ బాబాయ్ శిష్యులే, మోచేయి చుట్టే వాళ్లది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతిది చెయ్యి లోపలికి తిప్పి, మళ్లీ మామూలుగా. ఇలా ఒకటి విడిచి ఒకటి వేస్తే ఒక చుట్టులో పడ్డ మెలిక రెండోదాంట్లో విడిపోతుంది, విసిరితే వైరు చక్కగా పరుచుకుంటుంది. చిన్నవాడికి పావుగంటలో వచ్చేసింది. పెద్దవాడికి రాలేదు. బాబాయ్ కుర్చీలో కూర్చుని ఒక వైరు తీసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, రెండుసార్లు ప్రయత్నించి పక్కన పడేశాడు.

ఏప్రిల్ 7, సోమవారం

తెర లేచింది. ఏమీ వినిపించలేదు. ముందు వరసలో పిల్లలు అలవాటుకొద్దీ గుంయ్ అన్నారు, స్పీకర్లు బదులివ్వలేదు. మధ్యన నిలబడ్డ నటుడి గొంతు నిండుగా వచ్చింది, తబలా ఒక్కసారి కూడా పేలలేదు. రెండు వన్స్ మోర్‌లు, రెండూ పద్యాలకే.

చివరి అంకంలో మాత్రం నాలుగో చానెల్ గరగరలాడింది. మైకుని పదమూడో లైనుకి మార్చాలనుకుని అది తిరుగు లైనని గుర్తొచ్చి, పన్నెండుకి మార్చి గట్టెక్కాను. ఏంటో రేపు చూడాలి. వైరు మారుస్తున్నప్పుడు చేతికి జిగురుగా తగిలింది.

ఏప్రిల్ 8, మంగళవారం

పొద్దున్నే పెట్టె తెరవకముందే తెలిసింది. వాకిలి గడప నుంచి స్టేజ్ బాక్సు దాకా చీమల బారు, నేరుగా నాలుగో ఫీమేల్‌లోకి. నవమి మధ్యాహ్నం కల్యాణం అయ్యాక వేదిక మీదే పానకం పంచారు. ఎవరి గ్లాసో పైకి చూసే నా ప్యానెల్ మీద ఒలికింది. నిలబడి గుచ్చడానికి వీలుగా అనుకున్నాను, పొయ్యడానికీ వీలే.

బెల్లం స్పిరిట్‌కి కరగదు, ముందు నీళ్లు కావాలి. ఆ కనెక్టర్ ఒక్కటీ విప్పి గోరువెచ్చటి నీళ్లలో ఆడించి, తర్వాత ఐసోప్రొపైల్‌తో కడిగి నీళ్లు తరిమేసి, ఎండలో పెట్టాను. మిరియపు గింజ ముక్క ఒకటి రెండో సూది గుంతలోంచి పట్టకారుతో వచ్చింది. పక్కన మూడు, ఐదు కూడా విప్పాలి. వెల్డింగ్ షాపుకి ఫోన్ చేశాను, ప్యానెల్ పక్కకి చూసేలా కొత్త రేకు శనివారం ఇస్తానన్నాడు. ఈసారి రంధ్రాలు 24కే కొట్టించాలి, హోల్‌సా విజయవాడలో వెతకమని చిన్న కుర్రాడికి చెప్పాను.